బోర్డుని "ఆఁ? ఏటీ?" అని తిరిగి అడగలేం కదా: ఎదురుగా మాట దగ్గర్నుంచి తుఫాను నంబర్ల దాకా

తొంభైల్లో మన ఊళ్ళల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవాళ్ళు, ఇంట్లో పెద్దోళ్ళని అడగండి చెప్తారు. రాత్రిపూట ఒక దెయ్యం వచ్చి తలుపు కొడుతుందని, ఆ రాత చూసి సరే రేపొద్దాంలే అని వెళ్ళిపోతుందని, మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత, మళ్ళీ రేపే. నమ్మకం సంగతి వదిలేయండి, ఆ ఐడియా మొదట ఎవరికొచ్చిందో గానీ వాళ్ళకి భాష ఎలా పనిచేస్తుందో మాత్రం బాగా తెలుసు. నోటితో "రేపు రా" అంటే ఏ రేపో ఇద్దరికీ తెలిసిపోతుంది, ఎందుకంటే అన్నది ఏ రోజో ఇద్దరూ అక్కడే ఉండి చూశారు. అదే మాట తలుపు మీదకి ఎక్కితే అన్న రోజు మాయమైపోయి చదివిన రోజే మిగుల్తుంది. పైగా దెయ్యం "రేపంటే బుధవారమా గురువారమా" అని అడిగితే తలుపు నోరు విప్పదు. కిరాణా కొట్లో "నేడు నగదు, రేపు అరువు" అన్న బోర్డు కూడా అచ్చం ఇదే ట్రిక్కు.

ఎదురుగా మాట్లాడుకోవడం, ఫోన్, వాట్సాప్, లిఫ్ట్ పక్కన అంటించిన కాగితం, రోడ్డు మీద బోర్డు, బీచ్ లో జెండా, పోర్టులో ఎగరేసే తుఫాను సిగ్నల్, వీటన్నిటినీ కమ్యూనికేషన్ అని ఒకే పేరుతో పిలుస్తాం. కానీ లోపల పనిచేసే పద్ధతి ఒకటి కాదు. జనం కన్ఫ్యూజ్ అయ్యేది చాలాసార్లు ఒకదాని లెక్క తీసుకెళ్ళి ఇంకోదానికి వేసినప్పుడే, అందుకే కింద నుంచి ఒక్కొక్కటే చూద్దాం.

ఇద్దరికీ తెలుసని ఇద్దరికీ తెలిసినది

ముందు ఒక పదం. ఉమ్మడి ఎరుక అంటే నాకు తెలిసినది కాదు, మీకు తెలిసినది కూడా కాదు, మన ఇద్దరికీ తెలుసన్న సంగతి మన ఇద్దరికీ తెలియడం. హెర్బర్ట్ క్లార్క్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఈ విషయం మీద చాలా ఏళ్ళు పనిచేశాడు. ఆయన చెప్పేదాని సారం ఏంటంటే సంభాషణ అంటే ఒకడు విసిరితే ఇంకోడు పట్టుకోవడం కాదు, ఇద్దరూ కలిసి చేసే పని, "అర్థమైంది" అని ఇద్దరూ ఒప్పుకున్నాకే ముందుకి కదుల్తుంది.

వైజాగ్ లో "కాంప్లెక్స్ దగ్గర దిగి ఫోన్ చెయ్యి" అంటే ఇక్కడ పుట్టిన ఎవరికైనా ఆర్టీసీ బస్టాండే గుర్తొస్తుంది. బోర్డు మీద మాత్రం ద్వారకా బస్ స్టేషన్ అని ఉంటుంది. బయట్నుంచి వచ్చినోడికి ఇదే మాట చెప్తే ఏ షాపింగ్ కాంప్లెక్స్ అని వెతుక్కుంటాడు. ఎన్ఏడీ జంక్షన్ కూడా అంతే, నేవల్ ఆర్మమెంట్ డిపో అని విప్పి చెప్పాల్సిన అవసరం రోజూ దాని మీదుగా ఆఫీసుకెళ్ళేవాళ్ళలో చాలామందికి జీవితంలో రాదు. ఉమ్మడి ఎరుక ఉన్నంతసేపు మాట ఎంత పొట్టిగా ఉన్నా నడిచిపోతుంది, అది లేనిచోట ఎంత పొడుగ్గా చెప్పినా అంతే సంగతులు.

మరి అవతలివాడికి అది ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఎదురుగా ఉంటే మొహం చూస్తే తెలిసిపోతుంది, లేదంటే వాడే అడుగుతాడు. ఈ అడగడం అనేదే మొత్తం కథకి కీలకం.

"ఆఁ?" లేకపోతే మాట నడవదు

షేర్ ఆటో దగ్గర రోజూ వినపడే మాటలే తీసుకోండి.

"ఎన్ఏడీ ఎళ్తాదా బాబూ?"
"కంచరపాలెం దాకానేనమ్మా."
"ఆఁ?"
"కంచరపాలెం... మెట్టు దగ్గర దింపేస్తాను, అక్కడ ఇంకోటి ఎక్కీయండి."
"ఎంతేటి?"

మధ్యలో ఆ "ఆఁ?" చూడండి. వినపడలేదో, అర్థం కాలేదో, ఎన్ఏడీ దాకా ఎందుకు పోదన్న చిరాకో, ఏదైనా కావొచ్చు. ఆటో అబ్బాయి మాత్రం అన్న మాటే మళ్ళీ అనలేదు, మెట్టు దగ్గర అని గుర్తు ఇచ్చాడు, తర్వాత ఏం చేయాలో కూడా చెప్పాడు. సంభాషణని స్టడీ చేసేవాళ్ళు దీన్ని సవరణ అంటారు, అంటే మాట చెడినచోట అక్కడికక్కడే ఇద్దరూ కలిసి బాగుచేసుకోవడం. ఇదేదో అరుదుగా జరిగేది అనుకుంటాం గానీ, 2015లో 12 భాషల మామూలు సంభాషణల రికార్డింగులు పరిశీలించిన ఒక పరిశోధనలో సగటున 1.4 నిమిషాలకి ఒకసారి ఇలాంటి సవరణ కనపడింది. అంటే అరగంట పిచ్చాపాటీలో ఓ ఇరవైసార్లు మనం "ఆఁ?", "ఎవరు?", "ఏటీ?", "అదేనా నువ్వంటున్నది?" అని అడుగుతూనే ఉంటాం, లేచెళ్ళేటప్పుడు ఒక్కటి కూడా గుర్తుండదు. అదే బృందం అంతకు రెండేళ్ళ ముందు, ఈ "ఆఁ?" లాంటి చిన్న శబ్దం ఒకదానికొకటి సంబంధం లేని భాషల్లో కూడా దాదాపు ఒకేలా ఉందని చూపించింది, దానికి 2015లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, అదే, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి.

నోరే అక్కర్లేదు అసలు. రోడ్డుకి ఆ పక్కనున్నవాణ్ణి చూసి మణికట్టు తిప్పి చెయ్యి విప్పామంటే "ఏటి సంగతి?" అని, అటునుంచి తల ఊగిందంటే జవాబు వచ్చేసినట్టే.

టైమింగ్ సంగతి ఇంకా విచిత్రం. 2009లో పది భాషల్లో కొలిచారు, ఒకరు ప్రశ్న ఆపాక ఇంకొకరు జవాబు మొదలెట్టడానికి మధ్య ఖాళీ సగటున 200 మిల్లీసెకన్లు, అంటే సెకన్లో ఐదో వంతు. మరి ఒక మాటని మనసులో తయారుచేసుకుని బయటికి తేవడానికే అంతకంటే చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. అంటే అవతలివాడు ఇంకా మాట్లాడుతుండగానే వాడి వాక్యం ఎలా ముగుస్తుందో ఊహించి మన జవాబు రెడీ చేసేసుకుంటున్నాం అన్నమాట. తెలుగు ఆ పదిలో లేదు గానీ మనలాగే క్రియని చివర పెట్టే జపనీస్, కొరియన్ ఉన్నాయి, అక్కడ కూడా గ్యాప్ ఏం పెరగలేదు. ఈ లెక్క తెలిస్తే "వస్తావా?" అని అడిగినప్పుడు ఒక సెకను మౌనం తర్వాత వచ్చిన "ఆ... వస్తాను" ఎందుకు మనకి "రాను" లాగా వినపడుతుందో అర్థమవుతుంది.

93 శాతం కథ ఎక్కడ్నుంచి వచ్చింది

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులకి ఎప్పుడైనా వెళ్ళుంటే ఈ స్లైడ్ చూసే ఉంటారు, కమ్యూనికేషన్ లో మాటలు 7 శాతమే, గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55 అని. ఈ అంకెలు గాల్లోంచి పుట్టలేదు, ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్ట్ 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. ఆ ప్రయోగాల్లో జరిగింది ఏంటంటే, ఒంటరి మాటల్ని రకరకాల గొంతులతో వినిపించి, మొహాల ఫోటోలు చూపించి, ఈ మాట్లాడేవాళ్ళకి అవతలివాళ్ళంటే ఇష్టమా అయిష్టమా అని అడిగారు. మాట ఒకటి చెప్తూ గొంతు ఇంకోటి చెప్తే జనం గొంతునే నమ్మారు, గొంతూ మొహమూ పొసగకపోతే మొహానికే ఎక్కువ విలువిచ్చారు. అంతవరకే. ఇష్టాయిష్టాల గురించి కాని మాటలకి ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్వయంగా చెప్పాడు.

పరీక్షించుకోవడం కూడా తేలికే. మీ ఫ్రెండ్ కి రైలు టైమూ ప్లాట్‌ఫాం నంబరూ మాటలు లేకుండా హావభావాలతో చెప్పి చూడండి, 93 శాతం అర్థమవ్వాలి మరి.

అయితే స్లైడ్ పెట్టినవాళ్ళ వైపు కూడా ఒక న్యాయం ఉంది. "నాకేం కోపం లేదు" అని మొహం అటు తిప్పుకుని అన్నప్పుడు మాటకి నిజంగానే విలువుండదు, అది పెళ్ళైనవాళ్ళకి ఎవరూ స్లైడ్ వేసి చెప్పక్కర్లేదు. తప్పంతా ఆ ఒక్క సందర్భాన్ని తీసుకెళ్ళి మొత్తం మాటలకి అంటగట్టడంలోనే ఉంది.

ఫోన్ లో మొహం పోయింది, వాట్సాప్ లో గొంతూ పోయింది

ఫోన్ లో మొహం కనపడదు గానీ "ఆఁ?" ఉంది, గొంతు ఉంది, అందుకే "ఊఁ... ఊఁ..." అంటూ ఉంటాం, ఒక పది సెకన్లు ఊఁ కొట్టకపోతే "హలో, ఉన్నావా?" అంటాడు అవతల. వాట్సాప్ లో గొంతు కూడా పోయింది, సవరణ ఉంది గానీ ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యంలోనే గొడవలన్నీ. నీలం టిక్కులు చదివాడని చెప్తాయి, అర్థమైందని గానీ ఒప్పుకున్నాడని గానీ చెప్పవు, మనం మాత్రం మూడూ ఒకటే అనుకుంటాం.

బొటనవేలు ఎమోజీ సంగతి కోర్టు దాకా వెళ్ళింది తెలుసా? కెనడాలో ధాన్యం కొనే ఒక కంపెనీ అవిసె గింజల కాంట్రాక్టు ఫోటో తీసి ఒక రైతుకి ఫోన్లో పంపి కన్ఫర్మ్ చేయమంటే ఆయన బొటనవేలు పెట్టాడు. నాకు ముట్టింది అని చెప్పడానికే పెట్టాను అని ఆయన వాదన, ఒప్పుకున్నట్టే అని కంపెనీ వాదన. 2023లో సస్కాచెవాన్ కోర్టు కంపెనీ వైపే చెప్పింది, సుమారు 82 వేల కెనడియన్ డాలర్లు కట్టమంది. ఎందుకలా అంటే, ఆ ఇద్దరి మధ్య అంతకుముందు కాంట్రాక్టులు కూడా ఇలాగే "ఓకే", "సరే" లాంటి ముక్కలతోనే జరిగాయి కాబట్టి. అంటే ఎమోజీకి సొంతంగా అర్థం ఇదీ అని కోర్టు తేల్చలేదు, ఆ ఇద్దరి ఉమ్మడి ఎరుక ఏంటో చూసింది. ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న పెట్టిన బొటనవేలుకీ ఆఫీసు గ్రూపులో మేనేజర్ పెట్టినదానికీ తేడా ఉన్నట్టే.

గోడ మీద రాతకి ఎవరు జవాబుదారీ

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బోర్డు అంటే, అవతలి మనిషి లేచి వెళ్ళిపోయిన సంభాషణ. రాసినవాడు లేడు, చదివేవాడు ఎవడో రాసినప్పుడు తెలీదు, అడగడానికి లేదు. అందుకని ఎదురెదురు మాటలో మొహం, గొంతు, "ఆఁ?" చేసే పనులన్నీ బోర్డులో వేరేవి చేయాలి, అవి ఏంటంటే ఉన్న చోటు, ఆకారం, రంగు, ఇంకా కింద ఎవరి పేరుంది అన్నది.

చోటు ఎంత ముఖ్యమో చూడండి. బోర్డులు రాసే ఆర్టిస్ట్ షాపు బయట గోడకి ఆనించి "నో పార్కింగ్" అని ఆరబెట్టిన బోర్డు ఉంటుంది. దాని ముందు బండి పెడితే ఎవరూ ఏమీ అనరు, పెయింటు అంటుకుంటుందని తప్ప. అదే బోర్డు, అవే అక్షరాలు, జగదాంబ జంక్షన్ లో స్తంభానికి బిగిస్తే చలానా. అక్షరాల్లో లేని అధికారం చోటు వల్ల వచ్చింది. "ఇచ్చట" అన్న మాటకి కూడా చోటు తోడైతేనే అర్థం, బోర్డు పీకి పక్కన పడేస్తే ఎచ్చటో ఎవరికీ తెలీదు.

ఇంకోటి గమనించారా, బోర్డులు మనల్ని నువ్వు అనవు, మీరు అనవు. నోటితో ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే తెలుగులో ముందు ఆ లెక్క తేల్చుకోవాల్సిందే, వయసెంత, చుట్టమా, పరాయా అని. బోర్డు చదివేది ఐదో క్లాసు పిల్లాడూ కావొచ్చు జడ్జిగారూ కావొచ్చు, అందుకని "చేయరాదు", "నిషేధం", "తీసివేయవలెను" అని మనిషే లేని వాక్యం రాస్తారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషే, పుస్తకాల్లో పేపర్లలో ఆయన మాటే గెలిచింది, గోడల మీద మాత్రం ఇంకా "ఇచ్చట"లే నడుస్తున్నాయి. దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే ఎవడూ లెక్కచేయడు, ఆ బిగుసుకున్న భాషలోనే అధికారం ఉంది అని కొందరు, "ఇక్కడ చెత్త వేయకండి ప్లీజ్" అంటే మనిషి మనిషితో మాట్లాడినట్టుంటుంది, వింటారు అని ఇంకొందరు. నాకైతే చెత్త దగ్గర రెండూ ఓడిపోవడమే కనపడింది.

గెలిచింది మాత్రం ఒకటుంది. "ఇచ్చట మూత్రం పోయరాదు" అని ఎంత పెద్దగా రాసినా ఆగని గోడ దగ్గర వెంకటేశ్వరస్వామి, యేసు, మక్కా బొమ్మల టైల్స్ వరసగా అంటిస్తే చాలాచోట్ల ఆగిపోతుంది. అక్షరం ముక్క లేదు, ఆజ్ఞ లేదు, జరిమానా లేదు. చదువు రానివాడికి కూడా ఉన్న ఉమ్మడి ఎరుక మీద అది పనిచేస్తుంది. అయితే దేవుళ్ళని ఇలా కాపలా పెట్టడం అవమానం కాదా అన్న వాదన కూడా గట్టిదే, ఇది ఆపించమని ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ వేస్తే 2022 డిసెంబర్లో కోర్టు కొట్టేసింది. పక్క గోడకి మారారు అంతే, సమస్య ఎక్కడికి పోయింది అని మూడో వాదన.

అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన కాగితాలు ఇంకో రకం. "కొందరు రాత్రిపూట మోటార్ ఆపకుండా వదిలేస్తున్నారు, దయచేసి గమనించగలరు. ఇట్లు, అసోసియేషన్." ఇరవై ఫ్లాట్లలో అందరికీ తెలుసు అది మూడో అంతస్తు వాళ్ళ గురించే అని. ఎర్వింగ్ గాఫ్మన్ అనే సోషియాలజిస్ట్ వినేవాళ్ళందరూ ఒకటి కాదని చెప్పాడు, ఎవరికి చెప్తున్నామో వాళ్ళు వేరు, పక్కన ఉండి వినేవాళ్ళు వేరు. ఈ కాగితం ఒక ఫ్లాటుకి ఫిర్యాదు, మిగతా పంతొమ్మిదికీ వినిపించడమే దాని అసలు శిక్ష. మొహం మీద అడిగితే పోయేదానికి పిరికితనం అంటారు కొందరు, రోజూ లిఫ్ట్ లో ఎదురుపడేవాళ్ళతో మొహం మీద అడిగి సంబంధం చెడగొట్టుకోవడం కంటే ఇదే మర్యాద అంటారు ఇంకొందరు. అయితే మూడో అంతస్తు వాళ్ళకి "నేను నిన్న ఊళ్ళోనే లేను" అని చెప్పుకునే అవకాశం మాత్రం ఈ కాగితం ఇవ్వదు, చెప్తే దొరికిపోయినట్టే కదా.

బోర్డు చెప్పకుండా చెప్పేవి కూడా ఉంటాయి. "ఏటీఎం పనిచేస్తోంది" అని కాగితం అంటిస్తే మీకేమనిపిస్తుంది? మామూలుగా పనిచేయదన్నమాట అని. పాల్ గ్రైస్ అనే తత్వవేత్త దీన్ని వివరించాడు, మాట్లాడేవాడు అవసరమైనంతే చెప్తాడు అన్న నమ్మకంతో మనం వింటాం, కాబట్టి అవసరం లేనిది చెప్తే ఏదో కారణం ఉందని వెతుక్కుంటాం. "మా తూకం కరెక్ట్" అన్న బోర్డు కూడా ఆ లెక్కన పక్క కొట్టు మీద వేసిన రాయే.

రెండు సెకన్లలో చదవాల్సిన తెలుగు

రోడ్డు బోర్డుకి టైమ్ ఉండదు. మన దేశంలో వీటికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ ఉంది, ఐఆర్‌సీ 67 అంటారు. స్థూలంగా మూడు రకాలు: తప్పనిసరిగా పాటించాల్సినవి ఎక్కువగా గుండ్రంగా, హెచ్చరించేవి ఎర్ర అంచు త్రిభుజంలో, సమాచారం ఇచ్చేవి చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో. స్టాప్ బోర్డుకి ఒక్కదానికే ఎనిమిది మూలలు, అవతలి బండికి దారివ్వమని చెప్పే గివ్ వే బోర్డుకి తలకిందులు త్రిభుజం, ఇలా ఎందుకంటే వెనక నుంచి చూసినా, అక్షరాలు దుమ్ముకొట్టుకుపోయినా ఆకారాన్ని బట్టి పోల్చుకోవచ్చు. అంటే చదవక ముందే అర్థమవ్వాలి.

అక్షరాలు చదవాల్సిన బోర్డు అయితే లెక్క చూడండి. బండి గంటకి 60 కిలోమీటర్ల మీద పోతుంటే సెకనుకి 16.7 మీటర్లు కదుల్తుంది. 10 సెంటీమీటర్ల ఎత్తు అక్షరం సుమారు 40 మీటర్ల దూరం నుంచి చదవగలం అనుకుందాం, అంటే బోర్డు దాటేలోపు మనకున్నది 2.4 సెకన్లు. అదే బోర్డులో మూడు భాషలు పట్టడానికి అక్షరాన్ని 5 సెంటీమీటర్లకి తగ్గిస్తే దూరం 20 మీటర్లు, టైమ్ 1.2 సెకన్లు. తెలుగుకి ఇంకో ఇబ్బంది ఉంది, కింద వత్తులు, పైన తలకట్లూ గుళ్ళూ. "లక్ష్మి" రాయాలంటే ఒకే వరసలో మూడు అంతస్తులు కావాలి, కాబట్టి వరస ఎత్తు ఇంగ్లీషుకిచ్చినంతే ఇస్తే అసలు అక్షరం చిన్నదైపోతుంది. మన బోర్డుల్లో తెలుగు ఇరుగ్గా కనపడటానికి సగం కారణం ఇదే, డిజైన్ చేసినవాడు రెండు వరసలకీ సమానంగా ఇచ్చి న్యాయం చేశాననుకుంటాడు.

భాషల గొడవ ఇక్కడే మొదలవుతుంది. వైజాగ్ లో నేవీ, స్టీల్ ప్లాంట్, పోర్టు వల్ల ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడేవాళ్ళు తరాలుగా ఉన్నారు, టూరిస్టులు సరేసరి. అందరికీ అర్థమవ్వాలంటే అన్ని భాషలూ పెట్టాలి అనేది ఒక వాదన, రైల్వే స్టేషన్లలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి కదా అంటారు. స్టేషన్లో రైలు ఆగి ఉంటుంది బాబూ, హైవే మీద ఎవడూ ఆగడు అనేది ఎదురు వాదన. ఊరి పేరు తెలుగులో ముందుండాలన్నది సమాచారం కోసమే కాదు, ఈ నేల ఎవరిదన్న గౌరవం కోసం కూడా అనేది మూడోది. సమాచారం కాక బోర్డు చేసే ఈ రెండో పనికి ఒక పేరు కూడా ఉంది, 1997లో లాండ్రీ, బూరీ అనే ఇద్దరు పరిశోధకులు వీధుల్లో కనపడే భాషలు సమాచారం ఒకటే ఇవ్వవు, ఏ భాష వాళ్ళకి ఎంత బలముందో కూడా చూపిస్తాయి, అంటే ప్రతీకగా కూడా పనిచేస్తాయి అని రాశారు. మరి బోర్డు పెట్టేది ఒక్కటే, పనులు రెండు, సైజు సరిపోదు, అందుకే ఈ గొడవ తెగదు.

నీలం జెండా ఉంటే ఈత కొట్టొచ్చా?

రుషికొండ బీచ్ కి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. డెన్మార్క్ లో ఉన్న ఒక సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ అది, నీళ్ళ నాణ్యత, శుభ్రత, సదుపాయాలు, భద్రత లాంటి 33 ప్రమాణాలు చూసి ఇస్తారు. లైఫ్‌గార్డులు ఉండాలన్నది కూడా అందులో ఉంది, నిజమే. కానీ అది బీచ్ నిర్వహణ ఎలా ఉందో చెప్తుంది, ఈ రోజు ఈ గంటకి సముద్రం ఎలా ఉందో చెప్పదు. ఆ పని వేరే జెండాలది: ఎర్ర జెండా అంటే ప్రమాదం, దిగకూడదు, పైన ఎరుపు కింద పసుపు ఉన్న జెండాల మధ్య అంటే అక్కడ లైఫ్‌గార్డు కాపలా ఉంది. ఒకే ఇసుక మీద రెండు రకాల జెండాలు, ఒకటి సంవత్సరానికి ఒకసారి మాట్లాడుతుంది, ఇంకోటి గంట గంటకి.

ఆర్‌కే బీచ్ లో సమస్య ఇంకో రకం. "స్నానాలు ప్రమాదకరం" అన్న బోర్డు ఒక మాట చెప్తుంటే సముద్రం ఇంకో మాట చెప్తున్నట్టుంటుంది. అలలు విరగకుండా నీళ్ళు ప్రశాంతంగా కనపడేచోటే చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి వెళ్ళే దారి అదే కాబట్టి. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు పెద్ద అలలున్న చోటు వదిలేసి తెలివిగా ఆ ప్రశాంతమైన చోటే దిగుతారు. బోర్డు చూడక కాదు, బోర్డూ సముద్రమూ రెండు రకాలుగా చెప్తే కంటికి కనపడిందే నమ్మారు. "ప్రమాదం" అని రాసేబదులు "నీళ్ళు ప్రశాంతంగా ఉన్నచోటే లాగేస్తుంది" అని రాస్తే మేలేమో, కనీసం ఎందుకో చెప్పినట్టు.

"మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అంటే నిజంగా ఏంటి

వాయుగుండం పట్టిన ప్రతిసారీ పేపర్లో టీవీలో వచ్చే మాట ఇది, "విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక జారీ". నిన్న ఒకటి, ఈరోజు మూడు, అమ్మో మూడింతలైంది అని గ్రూపుల్లో ఫార్వర్డులు మొదలు. ఈ నంబర్లు మార్కులు కావు, ఒక్కోటి ఒక్కో వాక్యం.

1, 2 దూరపు సంకేతాలు. సముద్రంలో ఎక్కడో వాయుగుండం ఉంది అంటే 1, అది తుఫానుగా మారింది అంటే 2, రెంటిలోనూ పోర్టుకి అప్పటికి ఏమీ లేదు, బయల్దేరే ఓడలకి చెప్పడం కోసం. 3, 4 స్థానికం, 3 అంటే పోర్టు దగ్గర ఈదురుగాలుల వాతావరణం రావొచ్చు, 4 అంటే తుఫాను ప్రభావం తర్వాత పోర్టుకి తగలొచ్చు. అధికారిక భాషలో ప్రమాదం అన్న మాట మొదలయ్యేదే 5 నుంచి. 5, 6, 7 మామూలు తుఫానుకి, 8, 9, 10 తీవ్ర తుఫాను ఆ పైవాటికి, అవి మహా ప్రమాదం. ఇక ఆ మూడు మూడులో తేడా ఏంటంటే తుఫాను ఏ దారిన పోతుందని: 5, 8 అంటే దాని దారికి పోర్టు ఎడమ పక్కన ఉంటుంది, 6, 9 అంటే కుడి పక్కన, 7, 10 అంటే పోర్టు మీదుగానో బాగా దగ్గరగానో. కాబట్టి 5 నుంచి 6కి మారిస్తే తుఫాను ఒక మెట్టు బలపడిందని కాదు, దారి అంచనా మారిందని. మన తీరంలో దారికి కుడి పక్కే గాలి సముద్రాన్ని నేల మీదకి తోస్తుంది కాబట్టి ఉప్పెన భయం అటే ఎక్కువ, అది వేరే సంగతి, నంబరు మాత్రం ఆ వరసలో పెట్టింది కాదు. చిన్న పోర్టుల్లో అయితే 3, 4, 7, 10, 11 ఈ ఐదే వాడతారు, అందుకే ఒకే తుఫానుకి ఒక ఊళ్ళో 4 నుంచి ఏకంగా 7కి దూకినట్టు కనపడుతుంది.

ఇవి పుట్టింది ఓడలవాళ్ళ కోసం. పగలు శంకువులు, డోళ్ళ ఆకారాలు స్తంభం మీద ఎగరేసి, రాత్రి ఎర్ర తెల్ల దీపాలు పెట్టి దూరం నుంచి చూసేలా చేసిన కోడ్ అది. బస్సులో కండక్టర్ "రైట్ రైట్", "హోల్డాన్" అంటే డ్రైవర్ కి ఎలా సరిపోతుందో ఇదీ అంతే, వాడేవాళ్ళకి నేర్పిన కోడ్ ఒక ముక్కతో పని కానిచ్చేస్తుంది. చిక్కల్లా ఆ కోడ్ నేర్చుకోని లక్షలమందికి దాన్ని అలాగే చదివి వినిపించడంలో.

జనం కోసం వాతావరణ శాఖ దగ్గర వేరే పద్ధతి ఉంది, రంగులు: ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే చర్య తీసుకోండి. ఒక రోజు ఊహించుకోండి, జిల్లాకి వర్షం విషయంలో ఆరెంజ్, పోర్టులో 3, మత్స్యకారులు వేటకి వెళ్ళొద్దని ఇంకో ప్రకటన. ఒకదానికొకటి పొసగనట్టుంటుంది గానీ మూడూ కరెక్టే, ఒకటి మద్దిలపాలెం లో ఇల్లున్నవాళ్ళకి, ఒకటి ఓడ కెప్టెన్ కి, ఒకటి ఫిషింగ్ హార్బర్ లో బోటువాళ్ళకి. నంబర్లు వార్తల్లోంచి తీసేసి రంగులే చెప్పాలని ఒక వాదన. హార్బర్ లో, జాలరిపేటల్లో తరాలుగా ఈ నంబర్ల మీదే అంచనా కట్టేవాళ్ళున్నారు, తీసేస్తే వాళ్ళకున్న ఎరుక పోతుందని ఇంకో వాదన. ఎరుపు అంటే "చర్య తీసుకోండి" అన్నారు సరే, ఏం చేయాలో ఎక్కడికి పోవాలో రంగు చెప్పదు కదా, దానికి వార్డులో మనిషి వచ్చి చెప్పాల్సిందే అన్నది కూడా నిజమే. 2023లో కేంద్రం సెల్ బ్రాడ్‌కాస్ట్, అంటే ఒక ప్రాంతంలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే పద్ధతి, టెస్ట్ చేసినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి గుర్తుందా, ఇది శాంపిల్ మెసేజ్, పట్టించుకోవద్దు అని అందులోనే రాసున్నా ఎంతమంది పక్కవాళ్ళని "నీకూ వచ్చిందేటి?" అని అడిగారో.

అడగడానికి ఆ పక్కవాడి ఫోన్ పనిచేయాలన్నా లైను ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వైజాగ్ మీదే తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. పోర్టు కోడ్ రాసినవాళ్ళు ఈ పరిస్థితి కూడా ముందే ఊహించి దానికొక నంబరు పెట్టారు, 11. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం పాడయ్యే ముప్పు ఉందని ఇక్కడున్న అధికారి తన అంచనా మీద దీన్ని ఎగరేశాడు, అంతే దానర్థం. ఎప్పుడైనా అది ఎగిరితే మాత్రం మనోళ్ళు పదికంటే పెద్దదని "పదకొండో నంబరు ప్రమాద హెచ్చరిక" అని స్క్రోలింగ్ వేసేస్తారేమో.